నొప్పులకు చైనా వైద్యం: సూదులు, కప్పులు, మోక్సా మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఆక్యుపంక్చర్ గురించి, కప్పింగ్ గురించి అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా రాసే బదులు అన్నీ ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, వరసగా చదవాల్సిన పని లేదు. ఇది చదివి డాక్టర్ రాసిన మందులు మాత్రం ఆపేయకండి.

## మొదలుపెట్టే ముందు

చైనా వైద్యం అంటే ఆక్యుపంక్చర్ ఒక్కటేనా?

కాదు. నొప్పికి వాళ్ళు వాడేవి చాలానే ఉన్నాయి. సన్నటి సూదులు గుచ్చడం ఆక్యుపంక్చర్. ఎండిన ఆకు పొడిని కాల్చి ఆ వేడి తగిలించడం మోక్సా. గాజు కప్పులతో చర్మాన్ని పైకి లాగడం కప్పింగ్. నున్నటి బిళ్ళతో గీకడం గువాషా. చేతులతో నొక్కి, లాగి, పిసికేది తుయినా. ఇవి కాక మూలికల కషాయాలు, పట్టీలు, నెమ్మదిగా చేసే తాయ్‌చీ వ్యాయామం. సూదులూ మోక్సా చైనాలో జంటగా నడుస్తాయి, ఆసుపత్రిలో రెండింటికీ కలిపి ఒకే విభాగం ఉంటుంది. 2010లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కూడా రెండింటినీ కలిపే చేర్చింది.

నొప్పి ఎందుకొస్తుందని వాళ్ళు చెబుతారు?

ఒంట్లో 'చీ' అనే శక్తి, రక్తం కొన్ని దారుల వెంట తిరుగుతుంటాయని, ఎక్కడైనా అడ్డుపడితే అక్కడ నొప్పి పుడుతుందని వాళ్ళ సిద్ధాంతం. సుమారు 2000 ఏళ్ళ కిందటి 'హువాంగ్‌దీ నేయ్‌జింగ్' అనే గ్రంథం దీనికి మూలం. ఆ దారుల మీద సూదులు పెట్టే చోట్లుగా 361 బిందువులను ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణికంగా లెక్కిస్తుంది. శవపరీక్షలోనూ స్కానింగ్‌లోనూ ఇలాంటి దారులేవీ ఇప్పటిదాకా కనబడలేదు. అది ఆనాటి వైద్యులు గీసుకున్న పటం. వాళ్ళ చికిత్సను అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది, జబ్బు కనిపెట్టడానికి మాత్రం దాన్ని నమ్ముకోకూడదు.

మరి సూది గుచ్చితే నొప్పి తగ్గడానికి సైన్స్ ఏం చెబుతోంది?

సూది తగిలిన చోట నరాల చివరలు స్పందిస్తాయి. ఆ కబురు వెన్నుపాముకి, అక్కడి నుంచి మెదడుకి వెళుతుంది. శరీరం తనంతట తాను తయారుచేసుకునే ఎండార్ఫిన్ల లాంటి నొప్పి నివారకాలు విడుదలవుతాయి. 1970లలోనే ఈ విషయం తెలిసింది: నల్లమందు ప్రభావాన్ని తీసేసే నలోక్సోన్ ఇస్తే సూదుల వల్ల వచ్చిన ఉపశమనం కూడా పోయింది. బీజింగ్‌లో హాన్ జీషెంగ్ బృందం ఇంకాస్త ముందుకెళ్ళింది. సూదులకు సెకనుకి 2 సార్లు కరెంట్ ఇస్తే ఒక రకం రసాయనాలు, 100 సార్లు ఇస్తే వేరే రకం విడుదలవుతాయని చూపించింది. 2010లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలో సూది పెట్టిన చోటే అడినోసిన్ అనే పదార్థం పెరిగి నొప్పిని అణచడం కనిపించింది.

ఇదంతా మన నమ్మకమే, ప్లాసిబో అంటున్నారు కదా?

కొంత నిజమే. ఎంతవరకు నిజమో తెలియాలంటే జర్మనీలో చేసిన ఒక పెద్ద అధ్యయనం చూడాలి. దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 1162 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి పద్ధతి ప్రకారం సూదులు, ఇంకో గుంపుకి బిందువులు కాని చోట పైపైన సూదులు, మూడో గుంపుకి మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలలకి బాగా మెరుగైనవాళ్ళు మొదటి గుంపులో 47.6 శాతం, రెండో గుంపులో 44.2 శాతం, మూడో గుంపులో 27.4 శాతం. 2007లో ఈ ఫలితాలు వచ్చాయి.

అంటే సూదులు వేయించుకున్నవాళ్ళు మామూలు చికిత్స తీసుకున్నవాళ్ళ కంటే బాగానే కోలుకున్నారు. కానీ సూది సరిగ్గా ఏ బిందువులో దిగిందన్నది పెద్దగా లెక్కలోకి రాలేదు. తర్వాత 39 అధ్యయనాల్లోని 20 వేలకు పైగా రోగుల వివరాలు కలిపి చూస్తే, అసలు సూదికీ ఉత్తుత్తి సూదికీ తేడా ఉందని తేలింది, అయితే అది చిన్నదే. మా అభిప్రాయం అడిగితే, సాయం చేసే చికిత్సగా దీనికి చోటుంది. కానీ ఎవరైనా 'ఈ రహస్య బిందువు నాకొక్కడికే తెలుసు' అంటే మాత్రం వాళ్ళ ఫీజు గురించి కాస్త ఆలోచించండి.

మత్తు లేకుండా సూదులతోనే ఆపరేషన్లు చేశారట, నిజమేనా?

ఈ కథ 1971 జులై నాటిది. న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్‌కి బీజింగ్‌లో ఉండగా అపెండిసైటిస్ వచ్చింది. ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్‌తోనే జరిగింది. రెండో రాత్రి కడుపు ఉబ్బరం, నొప్పి వస్తే మోచేతి దగ్గర, మోకాళ్ళ కింద మూడు సూదులు పెట్టారు, పొట్ట దగ్గర మోక్సా వెలిగించారు. ఆయన అది రాసుకుంటే, నోటా నోటా పడి 'సూదులతో ఆపరేషన్' అయిపోయింది. చైనాలో ఆ రోజుల్లో సూదులతో చేసినట్టు చూపించిన ఆపరేషన్లలో కూడా చాలావాటికి పక్కన మత్తుమందులు, నొప్పి మందులు ఇచ్చేవారు.

ఏ ఏ నొప్పులకి వెళ్ళడంలో అర్థం ఉంది?

నెలల తరబడి వేధించే నడుం నొప్పి, మెడ నొప్పి, తరచూ వచ్చే తలనొప్పి, మైగ్రేన్, మోకాళ్ళ అరుగుదల. కాస్తో కూస్తో ఆధారం ఉన్నది వీటికే. మైగ్రేన్ సంగతి చూస్తే, సూదులు వేయించుకున్న ప్రతి 100 మందిలో 41 మందికి తలనొప్పి వచ్చే రోజులు సగానికి తగ్గాయి. మామూలు చికిత్సతో ఉన్నవాళ్ళలో 17 మందికే అలా తగ్గాయి. బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాలు మైగ్రేన్‌కి ఆక్యుపంక్చర్‌ని పరిశీలించవచ్చంటాయి, నడుం నొప్పికి మాత్రం వద్దంటాయి. అమెరికా ఫిజీషియన్ల సంఘం 2017లో అదే నడుం నొప్పికి వాడొచ్చంది. పెద్దవాళ్ళ మధ్యే ఏకాభిప్రాయం లేదు కాబట్టి మీ ఇంట్లో వాదన తెగకపోతే ఆశ్చర్యం లేదు.

మా అమ్మకి మోకాళ్ళు అరిగాయి. సూదులు పొడిపిస్తే గుజ్జు మళ్ళీ వస్తుందా?

రాదు. అరిగిన మృదులాస్థిని సూది గానీ, మోక్సా గానీ, ఏ కషాయం గానీ తిరిగి పెంచలేవు. నొప్పి, పట్టేసినట్టుండటం కొన్ని వారాలపాటు తగ్గొచ్చు. ఆ వెసులుబాటులో తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయించగలిగితే ఉపయోగం ఉంటుంది. సూదులు వేయించుకొచ్చి మళ్ళీ మంచానికే అతుక్కుంటే పెట్టిన డబ్బు వృథా.

ఏ నొప్పికి ఆక్యుపంక్చర్ దగ్గరికి అస్సలు వెళ్ళకూడదు?

ఛాతీలో బరువుగా మొదలై ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి. ఇంతకు ముందెప్పుడూ ఎరగనంత గట్టిగా, ఉన్నట్టుండి వచ్చిన తలనొప్పి. నడుం నొప్పితో పాటు మూత్రం మీద అదుపు పోవడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం. జ్వరంతో వచ్చే వెన్ను నొప్పి. కడుపు రాయిలా బిగుసుకుపోవడం. దెబ్బ తగిలి కాలు మోపలేకపోవడం. వీటికి నేరుగా ఎమర్జెన్సీకే వెళ్ళాలి. బరువు తగ్గిపోతూ, రాత్రిళ్ళు నిద్ర లేపే నొప్పి ఉంటే ముందు పరీక్షలు, తర్వాతే మిగతావి. నొప్పి తగ్గిందని అసలు జబ్బు బయటపడటం ఆలస్యమైతే, ఆ నష్టం ముందు సూది వల్ల వచ్చే ఏ ఇబ్బందైనా చిన్నదే.

## ఎవరి దగ్గరికి వెళ్ళాలి

ఇండియాలో దీనికి గుర్తింపు ఉందా?

ఉంది. 2019 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఆక్యుపంక్చర్‌ని స్వతంత్ర వైద్య విధానంగా గుర్తిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అంతకు ముందే పశ్చిమ బెంగాల్, మహారాష్ట్ర సొంత చట్టాలు చేసుకున్నాయి. బెంగాల్ ముందుండటానికి కారణం ఉంది. 1938లో యుద్ధంలో ఉన్న చైనాకి మన దేశం పంపిన ఐదుగురు డాక్టర్లలో కోట్నీస్ పేరు అందరికీ తెలుసు. అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్ళీ చైనా వెళ్ళి ఈ విద్య నేర్చుకుని, కలకత్తాలో మొదలుపెట్టారు.

అయితే గుర్తింపు ఉందంటే బోర్డు పెట్టిన ప్రతివాళ్ళూ చదువుకున్నవాళ్ళని కాదు. వారాంతపు కోర్సు చేసి సూదులు పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఎక్కడ చదివారు, ఎన్నాళ్ళు, వైద్య నేపథ్యం ఏమిటి అని మొహమాటం లేకుండా అడగండి. సీల్ ఉన్న ప్యాకెట్ మీ ఎదుటే చింపి సూది తీయాలి, వాడాక దాన్ని షార్ప్స్ డబ్బాలో (వాడేసిన సూదులు, బ్లేళ్ళు వేసే గట్టి డబ్బా) పడేయాలి. 'మీ సూదులు మీకే దాచిపెడతాం, మళ్ళీ వచ్చినప్పుడు వాడతాం' అంటే లేచి వచ్చేయండి.

మా ఫిజియో డ్రై నీడ్లింగ్ అన్నారు. రెండూ ఒకటేనా?

సూది ఒకటే, ఆలోచన వేరు. డ్రై నీడ్లింగ్‌లో దారులు, చీ లాంటివి ఉండవు. కండరంలో ముడిలా గట్టిపడిన చోటు వేలితో వెతికి అక్కడే గుచ్చుతారు. కండరం ఒక్కసారి టక్కున ఎగిరిపడుతుంది, అది కొంచెం నొప్పిగానే ఉంటుంది. మెడ, భుజం పట్టేసినవాళ్ళకి దీన్ని ఎక్కువగా చేస్తారు.

హైదరాబాద్‌లో చేసే హిజామా, చైనా కప్పింగ్ ఒకటేనా?

అక్కాచెల్లెళ్ళ లాంటివి. హిజామా యునానీ వైద్యంలోది. కప్పు పెట్టి, తీసి, చర్మం మీద సన్నగా గాట్లు పెట్టి, మళ్ళీ కప్పు పెట్టి కొంచెం రక్తం తీస్తారు. చైనాలో ఎక్కువగా చేసేది గాట్లు లేని కప్పింగ్. మన సుశ్రుత సంహితలో కూడా కొమ్ము, సొరకాయ బుర్ర, జలగ పెట్టి రక్తం తీయడం గురించి ఉంది, కాబట్టి ఇది ఒక్క దేశం సొత్తని చెప్పలేం. రక్తం తీసే పద్ధతిలో ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ. బ్లేడు, కప్పు రెండూ కొత్తవేనని చూసుకోవాలి. రక్తహీనత ఉన్నవాళ్ళు వద్దనుకోవడమే మంచిది.

అమెరికాలో ఉంటున్నాం. నాన్నగారి నడుం నొప్పికి ఇన్సూరెన్స్ ఇస్తుందా?

ఆయనకి మెడికేర్ (పెద్ద వయసువాళ్ళకి అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) ఉంటే, 2020 నుంచి దీర్ఘకాలిక నడుం నొప్పికి ఆక్యుపంక్చర్ కవర్ అవుతోంది. నొప్పి 12 వారాలు దాటి ఉండాలి. 90 రోజుల్లో 12 సిట్టింగులు ఇస్తారు, గుణం కనిపిస్తే ఇంకో 8. ఏడాదికి 20కి మించదు. మోకాళ్ళకి, మెడకి ఇది వర్తించదు. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకి మెడికేర్ ఉండదు కాబట్టి పాలసీ కాగితం చూసుకోవాలి.

మా అబ్బాయి చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. అక్కడ చూపించుకోవచ్చా?

చూపించుకోవచ్చు. అక్కడి సంప్రదాయ వైద్య ఆసుపత్రుల్లో ఎక్స్‌రే, ఎమ్మారై, ఇంగ్లిష్ మందులు అన్నీ ఉంటాయి. ముందు రిజిస్ట్రేషన్ కౌంటర్లో నంబర్ తీసుకోవాలి, తర్వాత సూదుల విభాగమా, తుయినా విభాగమా అన్నది వాళ్ళే చెబుతారు. 10 సిట్టింగులని ఒక కోర్సుగా, రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ రమ్మంటారు. ఒకే హాల్లో పది పన్నెండు మంచాలు, మధ్యలో పరదాలు ఉండటం మామూలే. మందుల అలర్జీలు, వాడుతున్న మాత్రల పేర్లు చైనీస్‌లో రాయించుకుని వెళ్ళమనండి.

## బల్ల మీద పడుకున్నాక

సూది ఎంత లావుంటుంది? నొప్పి పుడుతుందా?

మామూలుగా వాడే సూది మందం పావు మిల్లీమీటరు. రక్తం తీసే సూది దానికి మూడు రెట్లు లావు, పైగా లోపల బోలుగా ఉంటుంది. ఆక్యుపంక్చర్ సూది గట్టి తీగ కాబట్టి చర్మాన్ని కోయకుండా పక్కకి నెట్టుకుంటూ వెళుతుంది. గుచ్చేటప్పుడు చీమ కుట్టినట్టుంటుంది. అసలు అనుభూతి తర్వాత వస్తుంది. సూదిని మెల్లగా తిప్పుతుంటే లోపల బరువుగా, లాగినట్టుగా, ఉబ్బినట్టుగా, తిమ్మిరిగా అనిపిస్తుంది. చైనా వైద్యులు ఇదొచ్చిందా అని ప్రత్యేకంగా అడుగుతారు, రాకపోతే సూదిని కొంచెం పైకో కిందికో జరుపుతారు. కరెంట్ షాక్‌లా జివ్వుమని లాగినా, మంట పుట్టినా అది మంచి గుర్తు కాదు, వెంటనే చెప్పండి. సూదుల్ని 20 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు.

ఒక్క జాగ్రత్త: ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు. మొదటిసారి కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళలో చాలామంది టెన్షన్‌తో, ఏమీ తినకుండా వచ్చినవాళ్ళే. మొదటి సిట్టింగ్ పడుకునే చేయించుకోండి.

నొప్పి నడుంలో ఉంటే మోకాలి వెనక సూది పెట్టారు. పొరపాటా?

కాదు. నడుం, వీపు నొప్పులకి మోకాలి వెనక మడత మధ్యలో ఉండే వెయ్‌చుంగ్ బిందువు పట్టుకోవాలని చైనా వైద్య విద్యార్థులు పద్యంలా బట్టీ పడతారు. ఉన్నట్టుండి నడుం పట్టేస్తే అరచేతి వెనక సూది పెట్టి, అది ఉండగానే లేచి నడుం అటూ ఇటూ తిప్పమంటారు. చెవికి సూదులు పెట్టడం కూడా చూస్తుంటాం. అయితే ఇప్పుడు వాడే చెవి పటం 1950లలో పాల్ నోజియే అనే ఫ్రెంచ్ డాక్టర్ గీసింది, తర్వాతే అది చైనాకి వెళ్ళింది.

సూదులకి కరెంట్ వైర్లు తగిలిస్తారట, ప్రమాదమా?

బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె అది. కండరం టిక్కు టిక్కుమని కదులుతుంది, మీరు తట్టుకోగలిగినంతే పెంచుతారు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకీ, ఫిట్స్ వచ్చేవాళ్ళకీ ఇది వద్దు.

కప్పింగ్ చేశాక వీపు మీద నల్లటి గుండ్రాలు వచ్చాయి. విషం బయటికొచ్చినట్టేనా?

విషమేమీ లేదు. లాగుడికి చర్మం కింద సన్నటి రక్తనాళాలు చిట్లి రక్తం పేరుకుంటుంది, అంతే. దెబ్బ తగిలి కమిలినట్టే. రంగు ముదురుగా ఉంటే జబ్బు ఎక్కువుందని చెప్పేవాళ్ళు ఉంటారు. నిజానికి కప్పు ఎంతసేపు ఉంచారు, ఎంత గట్టిగా లాగింది అన్నదాన్ని బట్టే రంగు మారుతుంది. వారం పది రోజుల్లో పోతుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద ఈ మచ్చలు చూసి ప్రపంచమంతా అడగడం మొదలుపెట్టింది. నీటి బుడగలు లేస్తే మాత్రం కప్పు ఎక్కువసేపు ఉంచినట్టు, లేదా మంటతో చేసే కప్పు కాల్చినట్టు.

మోక్సా అంటే వాతలు పెట్టడమా?

పూర్వం చర్మం మీదే చిన్న చిన్న గోపురాల్లా పెట్టి కాల్చేవారు, మచ్చలు పడేవి. ఇప్పుడు ఎక్కువగా చుట్టలాంటి కడ్డీ వెలిగించి చర్మానికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో 10, 15 నిమిషాలు పట్టుకుంటారు. మన కాపడం లాంటి హాయి ఉంటుంది. అందులో వాడే ఆకు మనకి కొత్తదేమీ కాదు. వినాయక చవితి పూజలో మొట్టమొదట సమర్పించే మాచీపత్రం ఉంది కదా, ఆ కుటుంబమే, ఆర్టెమిసియా జాతి. చైనాలో హుబెయ్ ప్రాంతపు చీచున్ ఆకుకి పేరు. కోసిన ఆకుని ఏళ్ళ తరబడి నిలవ చేసి, దంచి, జల్లించి, దూదిలాంటి నూగు మిగిలాక కడ్డీ చుడతారు. వాసన, పొగ గట్టిగానే ఉంటాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళు పొగ లేని రకం అడగాలి.

గువాషా చేయించుకుంటే వీపంతా ఎర్రగా కందిపోయింది. ఇది మామూలేనా?

మామూలే. నూనె రాసి ఒకే దిశలో గీకుతారు, ఎర్రటి చుక్కలు లేస్తాయి. రెండు నుంచి ఐదు రోజుల్లో తగ్గుతాయి. మెడ, భుజాల బిగువుకి తాత్కాలికంగా బాగుంటుంది. మొటిమలు, పుళ్ళు, పులిపిర్లు ఉన్న చోట చేయకూడదు.

ఎన్ని సిట్టింగులకి తెలుస్తుంది?

వారానికి ఒకటి రెండు చొప్పున ఐదారు సిట్టింగులు చూడండి. మొదటి రోజే ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: నొప్పి పదికి ఎంత, ఎంతసేపు కూర్చోగలుగుతున్నారు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది. ఆరో సిట్టింగ్‌కి ఆ కాగితంలో ఏమీ మారకపోతే మానేయండి. ముందే 30 సిట్టింగుల ప్యాకేజీ కట్టించుకునే చోట్లకి దూరంగా ఉండటం మంచిది.

## ఎవరు జాగ్రత్తపడాలి

నాకు షుగర్ ఉంది. చేయించుకోవచ్చా?

సూదులు చేయించుకోవచ్చు, షుగర్ అదుపులో ఉండాలి. పాదాలు మొద్దుబారినవాళ్ళు కాళ్ళకి మోక్సా మాత్రం ఒప్పుకోవద్దు. వేడి తెలియదు, కాలిందని ఇంటికెళ్ళి చూసుకుంటే గానీ తెలియదు, ఆ పుండు మానదు. చికిత్స ఇచ్చేవాళ్ళు అడగకపోయినా మీరే చెప్పాలి.

ఎకోస్ప్రిన్ వాడుతున్నాను. రక్తం ఆగదేమో అని భయం.

రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళకి సన్నటి సూదులతో సాధారణంగా పెద్ద ఇబ్బంది ఉండదు, సూది తీశాక కాసేపు నొక్కి పట్టుకోవాలి. కప్పింగ్, గువాషాతో ఎక్కువ కమిలిపోతుంది కాబట్టి వద్దు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్ళు ముందు తమ డాక్టర్‌ని అడగాలి. సూదుల కోసమని ఏ గుండె మందూ సొంతంగా ఆపకూడదు.

గర్భంతో ఉన్నాను, నడుం నొప్పి భరించలేకపోతున్నాను.

మీ గైనకాలజిస్ట్‌కి చెప్పి, గర్భిణులకి చేసిన అనుభవం ఉన్నవాళ్ళ దగ్గరికే వెళ్ళండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఉండే బిందువు, చీలమండ పైన లోపలి వైపు బిందువు, పొత్తికడుపు మీద బిందువులు గర్భిణులకి వాడకపోవడం పాత ఆచారం. ఈ మాట ఎరగనివాళ్ళ చేతికి చిక్కకండి.

సూదుల వల్ల ప్రాణాపాయం ఉంటుందా?

చాలా అరుదు. జర్మనీలో 2,29,230 మంది రోగులను గమనిస్తే 8.6 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. ఎక్కువగా చిన్న రక్తపు చుక్క, కమలడం, నొప్పి. ఊపిరితిత్తికి సూది తగిలి గాలి చేరిన సంఘటనలు రెండు. భుజం పైభాగం, పక్కటెముకల మధ్య లోతుగా గుచ్చితే ఈ ప్రమాదం ఉంది. సూదులు వేయించుకున్నాక ఆయాసం, ఊపిరి పీలిస్తే గుచ్చినట్టు నొప్పి వస్తే, రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళండి.

## ఇంటికొచ్చాక

సూదులు వేయించుకున్న రాత్రి నొప్పి పెరిగింది. మానేయనా?

ఒకటి రెండు రోజులు సలపరం ఉండొచ్చు. మూడో రోజుకి కూడా తగ్గకపోయినా, సూది పెట్టిన చోట వాచి ఎర్రబడినా చూపించుకోండి. స్నానం కాస్త ఆగి గోరువెచ్చటి నీళ్ళతో చేయొచ్చు. కప్పింగ్ మచ్చల మీద మాత్రం ఆ రోజు మరీ వేడి నీళ్ళు, ఎండ వద్దు.

నొప్పికి చైనా మూలికల మాత్రలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వాడొచ్చా?

సొంతంగా వద్దు. చైనా వైద్యంలో మేం గట్టిగా వద్దని చెప్పేది ఈ ఒక్కదాని గురించే. కీళ్ళనొప్పుల కషాయాల్లో వాడే చువాన్‌వూ, మన దగ్గర వత్సనాభి అనే మొక్క చుట్టమే. గంటల తరబడి ఉడికించి శుద్ధి చేయకపోతే పెదాలు, నాలుక తిమ్మిరెక్కి, గుండె లయ తప్పి మనిషి చనిపోవచ్చు. 1990లలో బెల్జియంలో బరువు తగ్గడానికి ఇచ్చిన మాత్రల్లో ఒక మూలిక బదులు అరిస్టోలోకియా అనే విషపు మొక్క కలిసి, ఎందరో స్త్రీల కిడ్నీలు పాడయ్యాయి. కొన్ని 'మూలికల' మాత్రల్లో చెప్పకుండా డైక్లోఫెనాక్ అనే ఇంగ్లిష్ నొప్పి మందు, స్టెరాయిడ్ కలిపి పట్టుబడిన సందర్భాలూ ఉన్నాయి. రెండు రోజుల్లో అద్భుతంగా నొప్పి తగ్గించే పొడి మన ఊళ్ళలో ఎందుకంత బాగా పనిచేస్తుందో, ఇదీ అంతే. డాంగ్‌గుయ్ అనే వేరు వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం పెరుగుతుంది.

టైగర్ బామ్ కూడా చైనా మందేనా? రోజూ రాయొచ్చా?

చైనా నుంచి వలస వెళ్ళిన ఔ కుటుంబం 1870లలో రంగూన్‌లో మొదలుపెట్టింది. మన కోరంగి వైపు నుంచి తెలుగువాళ్ళు పొట్ట చేతపట్టుకుని వెళ్ళిన రంగూనే అది. తర్వాత ఆ వ్యాపారం సింగపూర్ చేరింది. కర్పూరం, మెంథాల్ చల్లగా, వేడిగా అనిపించి నొప్పి నుంచి ధ్యాస మళ్ళిస్తాయి. రోజూ రాసినా పెద్ద ప్రమాదం లేదు. పుండ్ల మీద రాయొద్దు, రాసి పైన హీటింగ్ ప్యాడ్ పెట్టొద్దు. రెండేళ్ళలోపు పిల్లలకి అందకుండా ఉంచండి, వాళ్ళకి కర్పూరం విషమే.

నాకు సూదులంటే చచ్చే భయం. ఇంకేదైనా దారి ఉందా?

తాయ్‌చీ చూడండి. 2016లో అమెరికాలో మోకాళ్ళ అరుగుదల ఉన్న 204 మందిలో సగం మందికి వారానికి రెండు సార్లు 12 వారాలు తాయ్‌చీ నేర్పారు, మిగతా సగానికి ఫిజియోథెరపీ ఇచ్చారు. రెండు గుంపులకీ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది. నేర్పేవాళ్ళకి మోకాళ్ళ నొప్పి ఉందని ముందే చెప్పండి. మొదటి వారాల్లో కిందికి వంగకుండా నిటారుగానే చేయాలి, మోకాలు పాదం వేళ్ళని దాటి ముందుకి రాకూడదు. నిలబడలేనివాళ్ళకి కుర్చీలో కూర్చుని చేసే రకం కూడా ఉంది.